ఇంజను ఆపని మనిషి

ఈ ఊళ్లో పొద్దున పూట రేడియోలో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. రెండు పాటల మధ్యలో, వాన వస్తుందో రాదో చెప్పినంత మామూలుగా చదివేస్తారు. ఫలానా మనిషి, ఫలానా వీధి, ఎవరికి భర్త, ఎవరికి తల్లి, ఏ చర్చిలో, ఎన్నింటికి. ఐర్లండులో ఈ పోర్ట్‌లీష్ వచ్చిన కొత్తలో పొద్దున్నే ఇదేం అపశకునమని ఆ వేళకి రేడియో కట్టేసేదాన్ని. తరవాత తరవాత అలవాటైంది. నా చదువు ఐదో తరగతితో సరి, ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగానే తెలుస్తుంది. అయినా మా వీధి పేరు వినపడితే చెవి అటు పోతుంది.

మొన్న దోసెలు పోస్తుంటే మా వీధి పేరు వచ్చింది. ఆ వెనకే పక్కింటాయన పేరు. ఆ తరవాత ఆయన భార్య పేరు. బల్ల దగ్గర తింటున్న మనవరాలు నమలడం ఆపేసింది.

"భర్త అన్నారా?" అని అడిగాను.

"యా అమ్మమ్మా. బిలవెడ్ హస్బెండ్ ఆఫ్, అన్నారు."

ఆదివారం సాయంత్రం ఆయన కారు రాలేదని నేను చూశాను. సోమవారం కూడా రాలేదు. రింగాస్కిడీ పోయినవాడు అక్కడే ఉండిపోయాడేమో అనుకున్నాను, అంతకంటే ముందుకి ఆలోచించలేదు. పొయ్యి కట్టేసి కుర్చీలో కూర్చున్నాను. పెనం మీద దోసె మాడిపోయింది. దోసె మాడనిచ్చిన రోజులు నా జన్మలో ఎక్కువ లేవు.

ఆయన్ని నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. పరాయి మగమనిషిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాదు. "మిస్టర్" అనేదాన్ని. ఆయన నన్ను "మిసెస్" అనేవాడు. నా వెనక "సార్జెంట్" అనేవాడట, అది మనవరాలు చెప్పింది. ఇక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు. నేను కనపడితే "గార్డ్స్ వచ్చారు" అని చేతులు పైకెత్తేవాడు, దొరికిపోయిన దొంగలాగా. ముఖంలో మాత్రం నవ్వు ఉండేది కాదు. ఆ మనిషి హాస్యమంతా చేతుల్లోనే.

మా అమ్మాయి ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. అల్లుడు కంప్యూటరు ఉద్యోగం, రోజూ రైలెక్కి డబ్లిన్ పోయి వస్తాడు. పసిపిల్లని చూసుకోవడానికని వచ్చినదాన్ని, పిల్ల పెద్దదైనా ఇక్కడే ఉన్నాను. వచ్చిన మొదటి చలికాలంలోనే ఆయన నా కంట పడ్డాడు.

చలికాలం ఇక్కడ సాయంత్రానికల్లా చీకటి. మా వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటి ముందు కారు ఆగి ఉంటుంది. ఆగింది కారే, ఇంజను కాదు. వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ వస్తూనే ఉంటుంది. లోపల టోపీ పెట్టుకున్న మనిషి. నేను బియ్యం కడిగి, కుక్కరు పెట్టి, గిన్నెలు తోమి చూసినా అలాగే ఉంటాడు. మర్నాడూ అంతే. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. రెండు మూడు రోజులు గమనిస్తే తెలిసింది, ఆయన చూసేది వాళ్ల వంటింటి కిటికీని. అక్కడ దీపం ఆరగానే ఇంజను ఆపి లోపలికి పోతాడు.

సొంత ఇంటి ముందు కూర్చుని పెట్రోలు తగలేసే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నేను గదిలోంచి కాలు బయట పెడితే లైటు ఆర్పే మనిషిని. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యను, కిటికీ దగ్గర కుండీలో కరివేపాకు మొక్కకి పోస్తాను. అలాంటిదాన్ని రోజూ ఆ పొగ చూస్తూ ఎంతకని ఊరుకోను. ఒకరోజు శాలువా కప్పుకుని పోయి కారు అద్దం మీద వేలితో కొట్టాను. అద్దం దిగింది. లోపల్నించి వెచ్చటి గాలి, దాంతో పాటు ఒక పాట బయటికి వచ్చాయి.

"మిస్టర్. పెట్రోల్. వేస్ట్," అన్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతే.

ఆయన నన్ను కిందనించి పైదాకా చూశాడు. చీర, శాలువా, సాక్సులు, రబ్బరు చెప్పులు. తాళం తిప్పి ఇంజను ఆపాడు. "సరే మిసెస్," అన్నాడు.

ఇంట్లోకి వచ్చి కిటికీలోంచి చూశాను. మనిషి కారు దిగలేదు. ఆ చలిలో, ఆగిన కారులో, అలాగే కూర్చున్నాడు. వంటింటి దీపం ఆరాక దిగాడు. వెచ్చదనం కోసం కాదన్నమాట అనుకున్నాను. మర్నాడు మళ్లీ ఇంజను, మళ్లీ పొగ, మళ్లీ నేను. అలా మాకు పరిచయం.

పొడుగు మనిషి, కాస్త వంగేవాడు. పని చేసినన్నాళ్లూ లారీ తోలాడు. ఓడలకెక్కించే సరుకు రింగాస్కిడీ రేవుకి చేరవేసేవాడట. రిటైరైనా పొద్దున్నే డ్యూటీకి పోయినట్టు కారు తీసుకుని పోయేవాడు. ఎక్కడికని అడిగితే చేత్తో రోడ్డు చూపించేవాడు. మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ ఉంది. మాట్లాడేటప్పుడు ఆ గోడ మీద రెండు చేతులూ ఎడంగా పెట్టి నిలబడేవాడు, స్టీరింగు పట్టుకున్నట్టు. మాట అయిపోయిందని చెప్పడానికి పెళ్లి ఉంగరంతో గోడ మీద టక్కుమని కొట్టేవాడు. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంక ఒక్క మాట రాదు.

దేనికైనా "గ్రాండ్" అనేవాడు. ఇక్కడ అందరూ అంటారు, అంతా బాగానే ఉందని చెప్పడానికి. వాన పడితే గ్రాండ్, మోకాలు నొప్పంటే గ్రాండ్. కొన్నాళ్లకి ఆ మాటలో తేడాలు నాకు పట్టుబడ్డాయి. పొట్టిగా తెంచి అంటే నిజంగానే బాగున్నట్టు. సాగదీసి అంటే బాగాలేనట్టు. నేల చూస్తూ అంటే ఇంకేం అడక్కని.

ఆయన భార్య పొట్టిగా, శుభ్రంగా, కత్తిరించిన తెల్ల జుట్టుతో ఉండేది. పిల్లలు లేరు. నా నిమ్మకాయ పచ్చడి ఆవిడకి నచ్చింది. సీసా ఇస్తే కడిగి, ఆరబెట్టి, మూత బిగించి తిరిగి ఇచ్చేది. సీసా కడిగి ఇచ్చేవాళ్ల మీద నాకు గౌరవం. ఒకసారి వాన వస్తే నేను వాళ్ల తీగ మీది బట్టలు తీసి ఇవ్వడానికి వెళ్లాను. ఆవిడ టీ తాగి పొమ్మంది. అప్పుడు చూశాను వాళ్ల వంటిల్లు.

రెండు కెటిళ్లు. ఒకటి తెల్లది, ఒకటి స్టీలుది. ఫ్రిజ్‌లో రెండు పాల డబ్బాలు, రెండూ సగం సగం. ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు. పై ప్రెస్ ఆవిడది, కింది ప్రెస్ ఆయనది. ఇద్దరు మనుషులకి రెండు కెటిళ్లేమిటని నా కళ్లు తిరిగాయి. "టూ కెటిల్, వై?" అని అడిగేశాను. ఆవిడకి కోపం రాలేదు. తెల్లదాన్ని చూపించి నాది అంది, స్టీలుదాన్ని చూపించి ఆయనది అంది. నా ప్రశ్నకి ఆవిడ దగ్గర ఉన్న జవాబు అదే.

అప్పుడు అర్థమైంది. వంటింట్లో ఆవిడ ఉన్నంతసేపూ ఆయన కారులో ఉంటాడు. ఆవిడ పని ముగించుకుని టీవీ ముందుకి పోయాక ఆయన లోపలికి వచ్చి తన కెటిల్ పెట్టుకుంటాడు. ఎన్నేళ్లయిందో ఇలా. వాళ్ల మధ్య అరుపులు లేవు, తిట్లు లేవు. మా ఊళ్లో అయితే పెద్దమనుషులు కూర్చుని ఏదో ఒకటి తేల్చేవాళ్లు. ఇక్కడ తేల్చడానికి తగువంటూ ఉంటేగా.

ఇక ఆయన పాట.

ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఆ రకం పాటలంటే ప్రాణం. తాగే చోట గిటారు పెట్టుకుని పాడే పాటలు, కాపురం చెడినవాళ్ల పాటలు. ఆయన కారు కడుగుతూ అదే పాట, మొక్కలు కత్తిరిస్తూ అదే పాట. ఎండాకాలంలో మా వీధివాళ్లు కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటారు. ఒకరి తరవాత ఒకరిని పాడమంటారు. అక్కడ నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. ఎవరి పాట వాళ్లది. ఒకరి పాట ఇంకొకరు ఎత్తరు. ఆ మనిషి అక్కడ ఉండగా అసలే ఎత్తరు. చివరింటి ఆవిడకి ఓడ మునిగిన పాట, ఎదురింటాయనకి గుర్రం పాట, ఈయనకి కాపురం చెడిన పాట. ఎవరూ రాసి పెట్టింది కాదు, అందరికీ తెలుసు.

ఆయన వంతు వస్తే లేచి టోపీ తీసి పక్కన ఎవరుంటే వాళ్ల చేతిలో పెట్టేవాడు. కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని పాడేవాడు. గొంతు గరుకు, కానీ తప్పు పోదు. అందరూ తలలూపేవాళ్లు. భార్య అవతల కుర్చీలో కూర్చుని చేతిలో కాగితం రుమాలుని మడత పెట్టేది. పాట అయ్యేసరికి ఆ రుమాలు తపాలా బిళ్లంత అయ్యేది.

అర్థం ఏమిటని ఒక సాయంత్రం మనవరాల్ని అడిగాను. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబులు ఇంగ్లీషులో వస్తాయి. మొదటి చరణంలో, మొగుడు తాగే చోట కూర్చుని, నా ఇల్లు చల్లబడిపోయింది, నేను వస్తే ఆమె తల ఎత్తి చూడదు, అని పక్కవాడికి చెప్పుకుంటాడట. రెండో చరణంలో ఆమె బట్టలు సర్దుకుంటుంది, ఆమె మారిపోయింది, నన్నేం చెయ్యమంటారు, అంటాడట. అంతే, అయిపోయింది అంది.

అయిపోవడమేమిటి అన్నాను. చిన్నప్పటినించీ భజనల్లో కూర్చున్నదాన్ని, పాట ఎక్కడ కూర్చుంటుందో మాటలు తెలియకపోయినా తెలుస్తుంది. ఆ పాట కాలు గాల్లో ఉండగానే ఆగిపోతోంది. మనవరాలు ఫోను తీసి వెతికింది.

"ఓ, ఇంకోటి ఉంది అమ్మమ్మా. హి లీవ్స్ ఇట్ అవుట్."

మూడో చరణం బడి పాఠం చదివినట్టు చదివి చెప్పింది. ఆ ఇల్లు చల్లబడలేదు. వంటింట్లో దీపం నా కోసమే వెలుగుతూ ఉండేది. నేనే వీధిలో బండిలో కూర్చుని, ఆ దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు లోపలికి పోయి, నా కోసం ఎదురు చూడలేదని ఊరంతా చెప్పాను. అదీ మూడో చరణం.

పిల్ల ఫోను దించి కిటికీ వైపు చూసింది. నేనూ చూశాను. బయట కారు ఉంది, పొగ వస్తోంది. ఆ సాయంత్రం నేను పోయి అద్దం కొట్టలేదు.

కొన్నాళ్ల తరవాత గోడ దగ్గర ఉన్నప్పుడు వేళ్లు చూపించి, మూడోది ఎందుకు పాడవని అడిగాను. ఆయనకి వెంటనే అర్థమైంది.

"అది నా గొంతుకి పడదు మిసెస్," అన్నాడు. ఉంగరంతో గోడ మీద కొట్టి లోపలికి పోయాడు.

కిందటేడు చలి తగ్గే రోజుల్లో ఆవిడ పచ్చడి సీసా తిరిగి ఇవ్వడానికి వచ్చింది. మామూలుగా గుమ్మంలోనే ఇచ్చి పోయేది, ఆ రోజు లోపలికి వచ్చి కూర్చుంది. రింగాస్కిడీలో వాళ్ల అక్క ఉందట, మొగుడు పోయాడట. ఈస్టరు పండగ అయ్యాక అక్క దగ్గరికి పోతున్నానంది. చుట్టపుచూపుకా అని మనవరాలితో అడిగించాను. కాదు, ఉండడానికి, అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. మనం ఇల్లు మారేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు గోడ దగ్గర ఆయన. ఎలా ఉన్నావంటే సాగదీసి గ్రాండ్ అన్నాడు, నేల చూస్తూ. అడక్కని అర్థం. నేను అడిగాను. వెళ్లొద్దని చెప్పావా అని. మనవరాలు పక్కనే ఉంది, మాట మార్చకుండా అటూ ఇటూ చెప్పింది.

ఆయన గోడని గట్టిగా పట్టుకున్నాడు. "ఏ మొహంతో చెప్పను? ఉండమనే హక్కు ఇంట్లో కూర్చున్నవాడికి ఉంటుంది మిసెస్."

"అయితే ఇవాళ పోయి కూర్చో," అన్నాను.

ఉంగరం చప్పుడు కూడా చెయ్యకుండా పోయాడు. సాయంత్రం కారు, పొగ మామూలే. ఆవిడ వెళ్లే రోజు దగ్గరికి వస్తోంది. ఆ మనిషి ఒక్క మాట అంటాడా అనడా అని నేను కూర తరుగుతూ, బట్టలు మడత పెడుతూ అదే ఆలోచన. నాకేం సంబంధమా? రోజూ చూసిన మనిషి, అంతే.

ఆవిడ వెళ్లే ముందు ఒక ఆదివారం భోజనానికి ఇద్దర్నీ పిలుద్దామని మా అమ్మాయి అంది. చివరింటివాళ్లనీ ఎదురింటివాళ్లనీ కూడా పిలిచాం. పులిహోర, గారెలు, కారం తగ్గించిన కోడికూర. ఆయన, ఆవిడ ఒకే వేళకి వచ్చారు, వేరువేరు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన గారెలు ఇంకో రెండు వేయించుకున్నాడు.

మా అల్లుడి గురించి చెప్పాలి. మంచివాడు. ఎదుటివాళ్లని సంతోషపెట్టాలని తహతహ. ఫోను చూసి పాటలు పాడతాడు, గొంతు పరవాలేదు. పక్కింటాయనకి ఇష్టమైన పాట ఏదో కనుక్కుని, రైల్లో రోజూ సాధన చేసి, ఆవిడ వెళ్లే ముందు ఆ దంపతులకి కానుకగా పాడాలని పెట్టుకున్నాడు. మాకెవరికీ చెప్పలేదు. ఎవరి పాట వాళ్లదని అతనికి తెలియదు. వీధివాళ్లు కుర్చీలు వేసుకునే వేళకి అతను ఇంకా రైల్లో ఉంటాడు.

భోజనాలయ్యాయి. ఆవిడ ఊరుకోక టీ నేను పెడతానని మా వంటింట్లోకి పోయి కెటిల్ స్విచ్చి వేసింది. ఇక్కడివాళ్లంతా అంతే, ఎవరింటికి పోయినా చేతులు ముడుచుకు కూర్చోరు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, ఇటు ఆవిడ, అటు ముందు గదిలో అందరూ కనపడుతున్నారు. అల్లుడు లేచి నిలబడి, అంకుల్, ఇది మీ కోసం అన్నాడు. ఫోను చూసుకుంటూ ఎత్తుకున్నాడు.

మొదటి ముక్కకే చివరింటి ఆవిడ పళ్లెం కింద పెట్టేసింది. ఎదురింటాయన చెయ్యి కప్పు మీదే ఆగింది. అందరూ శ్రద్ధగా వింటున్నారనుకుని అల్లుడు ఇంకాస్త గొంతు పెంచాడు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. అతను ఆగలేదు. ఫోనులో ఉన్నదంతా పాడేవాడికి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది.

వంటింట్లో కెటిల్ అప్పుడే బుసలు కొట్టడం మొదలెట్టింది. ఆవిడ స్విచ్చి మీద వేలు పెట్టి కట్టేసింది. మరగబోయే నీళ్లు మరగకుండా ఆగిపోయాయి. చెయ్యి కెటిల్ మీదే ఉంచి, గోడ వైపు చూస్తూ నిలబడింది.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అల్లుడు ఒక్కొక్కళ్ల ముఖం చూస్తున్నాడు. "డాడీ, దట్స్ హిజ్ సాంగ్," అని మనవరాలు గుసగుసగా అంది. అతని ముఖం పాలిపోయింది. పాట తీసుకున్నందుకు అతను భయపడ్డాడు. ఆయన మూడో చరణం పాడడన్న సంగతి అతనికి ఇంకా తెలియనే తెలియదు.

పక్కింటాయన చెవులు ఎర్రగా అయ్యాయి. లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. తలుపు దాకా నడిచి గడియ మీద చెయ్యి వేశాడు. పోతాడనే అందరం అనుకున్నాం. మా అమ్మాయి ఏదో సర్దిచెప్పబోయింది, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఆయన వెనక్కి తిరిగాడు. టోపీ తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"బాగానే పాడావు అబ్బాయ్. కానీ అది నా పాట."

కుర్చీ వీపు పట్టుకున్నాడు. మొదట్నించి ఎత్తలేదు. తిన్నగా మూడో చరణం ఎత్తుకున్నాడు. గొంతుకి పడదని ఊరికే అనలేదు, నిజంగానే పడలేదు. మధ్యలో జీరపోయింది, ఒకచోట మాట తప్పిపోయింది. అల్లుడు గబగబా ఫోను ముందుకి చాపాడు. ఆయన దాన్ని చూడలేదు. ఆయన కళ్లు మూసుకోకుండా పాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. వంటింటి గుమ్మం వైపు చూస్తూ పాడాడు. మధ్యలో నేనున్నానని గుర్తొచ్చి పక్కకి తప్పుకున్నాను.

అయ్యాక ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"నీకు ఆ చరణం వచ్చన్నమాట," అంది.

"వచ్చు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

ఆవిడ తలూపి వంటింట్లోకి పోయింది. కెటిల్ మళ్లీ వేసింది. టీ కలిపి అందరికీ ఇచ్చి, ఆఖర్ని ఒకటి తనకి, ఒకటి ఆయనకి తెచ్చింది. రెండూ ఒకే కెటిల్ నీళ్లు. ఆయన ఒక గుక్క తాగి గ్రాండ్ అన్నాడు. పొట్టిగా తెంచి అన్నాడు.

దాంతో ఆవిడ ఉండిపోయిందని అనుకుంటారేమో. వెళ్లిపోయింది. పండగ అయ్యాక, చెప్పినట్టే. ఆయనే కారులో దింపి వచ్చాడు. తెల్ల కెటిల్ తీసుకుపోలేదు. అక్కడ కెటిల్ ఉందిగా అంది. ఆ మాట నాకు నచ్చింది.

దింపి వచ్చిన సాయంత్రం కారు ఇంటి ముందు ఆగింది. ఇంజను ఆగలేదు. వంటింటి కిటికీ చీకటిగా ఉంది. ఆరడానికి దీపమే లేదు, అయినా మనిషి కూర్చునే ఉన్నాడు. నేను శాలువా తీసుకున్నాను. మళ్లీ కొక్కేనికి తగిలించాను.

ఆ తరవాత ప్రతి ఆదివారం పొద్దున్నే రింగాస్కిడీ పోయేవాడు. సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. నేను పచ్చడి పంపితే అక్కణ్నించి కడిగిన సీసా వచ్చేది. మేడమ్ ఎలా ఉందంటే గ్రాండ్ అనేవాడు, పొట్టిది. అంతకు మించి అడగలేదు. అక్కడ ఏం చేస్తాడో, ఎంతసేపు మాట్లాడుకుంటారో, అసలు మాట్లాడుకుంటారో లేదో నాకు తెలియదు. ఇక్కడ మాత్రం తక్కిన రోజుల్లో ఇంజను మామూలే. నేను అద్దం కొట్టడం మామూలే. గార్డ్స్ వచ్చారు అని చేతులెత్తడం మామూలే.

రేడియోలో పేరు విన్న రోజు సాయంత్రానికి ఆయన్ని ఇంటికి తెచ్చారు. ఇక్కడ శవపెట్టెని ముందు గదిలో మూత తీసి ఉంచుతారు. ఊరంతా వచ్చి చూసి, టీ తాగి, కాసేపు కూర్చుని పోతారు. మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు తెచ్చి పెడతారు. ఇక్కడ తెచ్చేవాళ్లూ తెస్తారు, ఆ ఇంటి పొయ్యీ ఆరదు. నేను ఉప్మా చేసి పట్టుకెళ్లాను. ఆయన కోటులో ఉన్నాడు, టోపీ లేదు. చేతులు ఒకదాని మీద ఒకటి కట్టేశారు. ఆ చేతుల్ని అలా దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

మా అల్లుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎదురింటాయన వచ్చి అతని చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. రాత్రి దాకా ఎవరో ఒకరు ఏదో ఒక పాట ఎత్తుతూనే ఉన్నారు. ఆయన పాట ఎవరూ ఎత్తలేదు.

వంటింట్లో రెండు కెటిళ్లూ ఒకేసారి మరుగుతున్నాయి. ఇన్నేళ్లలో ఆ రెండోది దండగ కాని రోజు అదొక్కటే. ఆవిడ కప్పులు కడుగుతోంది, నేను తుడుస్తున్నాను. మనవరాలు మా మధ్య నిలబడి ఉంది. ఆవిడ తనంతట తనే చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాడట. కుర్చీలో కాస్త కన్ను మూశాడట. టీ తీసుకువెళ్లి లేపితే లేవలేదట.

నాకు ఒక సంగతి అడగాలని ఉంది. చావింట్లో అడిగే మాట కాదు. అయినా నేను అడగకపోతే ఇంకెవరూ అడగరు, ఇంకెవరికీ అది తెలియదు. మనవరాలితో అడిగించాను. అక్కడ కూడా ఇంటి ముందు ఇంజను ఆపకుండా కూర్చునేవాడా అని.

మనవరాలు నా ముఖం చూసి, తప్పదని తెలిసి, మెల్లిగా అడిగింది.

ఆవిడ పంపు కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"లేదు మిసెస్," అంది. "కారు ఆగగానే ఇంజను ఆపేసేవాడు. నేను తలుపు తీసేలోపే మెట్ల మీద ఉండేవాడు."

మళ్లీ పంపు తిప్పి ఇంకో కప్పు కడిగి నాకు అందించింది. తుడిచి ప్రెస్‌లో పెట్టాను. పైదో కిందిదో చూడలేదు.